ఎల్లలకు లొంగని నటుడు – బళ్ళారి రాఘవ

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర వేళలలో గాని, ఆదోని చుట్టుప్రక్కల పల్లెలలో పంట ఇల్లు చేరిన దినాలలో గాని, తెల్లవారేవరకు సాగే పద్యనాటకాన్ని ఒక్కమారైనా చూడని పెద్దలు కర్నూలు జిల్లా పడమటి భాగంలో అరుదు. హార్మోనియం శ్రుతి అందుకొంటుంది. శ్రీకృష్ణుడో, హరిశ్చంద్రుడో తెర ముందుకు వచ్చి, గొంతు సవరించుకొని పద్యం ఎత్తుకొంటాడు. చివరి పాదం రాగాలాపనగా మారి, ఊపిరి ఉన్నంతవరకు సాగి ఆగుతుంది. పందిరి దద్దరిల్లేటట్లు చప్పట్లు. ఆ వెంటనే వన్స్‌మోర్ అన్న కేక. కన్నకొడుకు శవాన్ని ఒడిలో పెట్టుకొని విలపిస్తున్న చంద్రమతి సైతం కన్నీరు ఆపి, సభకు నమస్కరించి, అదే పద్యాన్ని మరల మొదటినుండి పాడవలసినదే. మన నాటకానికి గల ఆకర్షణ అది. మన నాటకానికి పట్టిన పీడ కూడా అదేనని నమ్మి, ఆ కేకకు తలవంచక నిలిచిన మహానటుడు ఒకరు మన పాత జిల్లాలోనే ఉండినారు. ఆయనే బళ్ళారి రాఘవ.

బళ్ళారి పేరు ఆయన పేరుకు ముందు చేరినందున, ఆయన మనవారు కారేమోనని విద్యార్థులు తలచడం సహజం. నేటి పటంలో బళ్ళారి కర్ణాటక రాష్ట్రంలో ఉన్నది. కాని రాఘవ జీవించిన కాలంలో ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలోనివి. ఎమ్మిగనూరు అప్పుడు ఆదోని తాలూకాలోని ఊరు. ఇక్కడి రైతు భూమిశిస్తు విషయమై కలెక్టరుకు మొర పెట్టుకోవాలన్నా, పెద్ద నేరానికి సాక్ష్యం చెప్పడానికి పోవాలన్నా దారి బళ్ళారికే. ఆదోనిలో రైలెక్కి, గుంతకల్లులో మారి, బళ్ళారిలో దిగడం ఇక్కడి మూడు తరాలవారికి వాడుక. ఆంధ్రరాష్ట్రం అవతరించిన 1953 అక్టోబరు 1వ తేదీన ఆ జిల్లా చీలిపోయినది. ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోను, రాయదుర్గం అనంతపురం జిల్లాలోను చేరినవి. బళ్ళారి పట్టణం, మిగిలిన తాలూకాలతోపాటు మైసూరు రాష్ట్రానికి పోయినది. ఎల్ల గీసిననాడు భూములను, కచేరీలను పంచుకొనవచ్చును. ఒక ప్రాంతం కన్న కళాకారుని ఎట్లు పంచుకొనగలము? ఆ ప్రశ్నకు సమాధానం రాఘవ జీవితంలోనే ఉన్నది.

ఆయన అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో జన్మించినారు. తండ్రి నరసింహాచార్యులు, తల్లి శేషమ్మ. తాడిపత్రి ఆనాడు బళ్ళారి జిల్లాలోనే ఉండినది. అనంతపురం వేరొక జిల్లాగా ఏర్పడినది రెండేండ్ల తరువాత, 1882లో. కనుక పుట్టుకచేత కూడా ఆయన ఆ పాత ఉమ్మడి జిల్లా బిడ్డయే. చదువుకోసం, ఆపైన జీవనంకోసం బళ్ళారిలో స్థిరపడినారు. ఆ పట్టణపు వీథులలో తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ నాలుగూ వినవచ్చేవి. ఒక భాషలో బేరమాడి, మరొక భాషలో పొరుగువారిని పలకరించి, ఇంకొక భాషలో దేవుని వేడుకొనడం ఆదోని బజారువలెనే అక్కడా నిత్యవ్యవహారం. తరువాతి కాలంలో రాఘవ తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు నాటకాలలో సమాన ధైర్యంతో నిలువగలిగినారంటే, అందుకు తొలి పాఠశాల ఆ వీథులే అనవలసి ఉంటుంది.

రెండవ పాఠశాల ఆయనకు ఇంటిలోనే లభించినది. ఆంధ్ర నాటక పితామహ బిరుదాంకితులైన ధర్మవరం రామకృష్ణమాచార్యులు రాఘవకు మేనమామ. 1853లో జన్మించిన ధర్మవరంవారు వృత్తిచేత న్యాయవాది, ప్రవృత్తిచేత నాటకకర్త, నటుడు, నాటక ప్రయోక్త. మరాఠీ, కన్నడ, పార్శీ నాటక సమాజాలు దక్షిణదేశమంతటా తిరిగి జనాన్ని ముగ్ధులను చేస్తున్న రోజులవి. తెలుగువారికి తమదైన రంగస్థలం కావలెనన్న పట్టుదలతో ఆయన 1886లో బళ్ళారిలో సరస వినోదినీ సభను స్థాపించినారు. చిత్రనళీయం మొదలుగా సుమారు ముప్పది నాటకాలు రచించినారు. సంస్కృత సంప్రదాయాన్ని అనుసరించి నాటకం శుభాంతం కావలెనన్న నియమాన్ని కాదని, విషాద సారంగధరను దుఃఖాంతంగా నడిపినారు. నాటకంలో పాటలను చేర్చి, సంగీతానికి పెద్దపీట వేసినవారు కూడా ఆయనయే. ఈ చివరి మాటను పాఠకులు జ్ఞాపకం ఉంచుకొనవలెను. మేనల్లుని కథకు అది కీలకం.

సరస వినోదినీ సభ 1891లో మదరాసుకు పోయి నాటకాలు ప్రదర్శించినది. బళ్ళారి నుండి వచ్చిన ఆ సమాజంలో విద్యావంతులు, న్యాయవాదులు, ఉద్యోగులు నిర్భయంగా వేషాలు కట్టి ఆడడం చూచి పద్దెనిమిదేండ్ల తమిళ యువకుడొకడు ఆశ్చర్యపోయినాడు. నాటకమాడేవారు చెడినవారన్న అభిప్రాయం అతని మనస్సునుండి తొలగిపోయినది. ఆ ఏడే అతడు మిత్రులతో కలిసి సుగుణ విలాస సభను నెలకొల్పినాడు. ఆ యువకుడే తరువాత తమిళ నాటకరంగానికి పితామహుడైన పమ్మల్ సంబంధ మొదలియారు. ఇట్లు బళ్ళారిలో వెలిగిన దీపం మదరాసులో మరొక దీపాన్ని వెలిగించినది.

బళ్ళారిలో రెండవ సమాజం కూడా త్వరలోనే తలయెత్తినది. ధర్మవరంవారికి ఒక్క ఏడు చిన్నవాడు, ఆయనవలెనే న్యాయవాది అయిన కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభకు ప్రాణం పోసినారు. ధర్మవరంవారు పురాణగాథలకు పేరు మోయగా, కోలాచలంవారు చరిత్రను రంగం మీదికి తెచ్చినారు. ప్రపంచ దేశాల నాటక చరిత్రను సంగ్రహించి ఇంగ్లీషులో గ్రంథం వ్రాసిన పండితుడాయన. ఒకే పట్టణంలో ఇద్దరు ఉద్దండులు, రెండు సమాజాలు, రెండు పద్ధతులు. పోటీ లేకపోలేదు. ఆ పోటీ వలన లాభపడినది ప్రేక్షకుడు. అంతకంటె ఎక్కువగా లాభపడినవాడు ఇరుప్రక్కలా చూస్తూ పెరిగిన బాలుడు రాఘవ.

మేనమామ ప్రోత్సాహంతో పన్నెండవ ఏటనే రాఘవ రంగమెక్కినాడు. బళ్ళారిలో ఉన్నత పాఠశాల చదువు ముగించి, పై చదువుకు మదరాసు క్రిస్టియన్ కళాశాలలో చేరినాడు. ఆ కళాశాల స్కాట్లండు క్రైస్తవసంఘంవారు నాటిన మొక్క. అప్పటి అధ్యక్షుడు విలియం మిల్లరు స్కాట్లండు దేశస్థుడు; షేక్స్‌పియరు విషాద నాటకాలలోని జీవితసత్యాన్ని గూర్చి ఉపన్యసించి గ్రంథస్థం చేసిన ఆచార్యుడు. అట్టి వాతావరణంలో పట్టభద్రుడై, 1905లో న్యాయశాస్త్ర పరీక్షలో కృతార్థుడై రాఘవ బళ్ళారికి మరలివచ్చినారు.

న్యాయవాదిగా ఆయనకు అనతికాలంలోనే పేరు, ధనం రెండూ లభించినవి. క్రిమినల్ వ్యాజ్యాలలో దిట్ట అనిపించుకొన్నారు. ప్రభుత్వం ఆయనను పబ్లిక్ ప్రాసిక్యూటరుగా నియమించినది. రావు బహదూరు బిరుదమిచ్చినది. పగలు కోర్టు, సాయంకాలం నాటకాభ్యాసం – ఇది ఆయన దినచర్య. నాటకాన్ని ఆయన ఏనాడూ జీవనోపాధిగా చేసుకొనలేదు. ధర్మకార్యాలకు ఎన్నో ప్రదర్శనలు ఇచ్చినారు. వకీలు వృత్తి తెచ్చినదాన్ని నటన ఖర్చు పెట్టినదని చెప్పవచ్చును. టిక్కెట్ల రాబడి మీద ఆధారపడిన నటుడు ప్రేక్షకుని కేకకు లొంగక తప్పదు. ఆధారపడనివాడు ఎదురు నిలువగలడు. రాఘవ స్వాతంత్ర్యానికి మూలం ఇదే.

కోర్టు ఆయనకు అన్నం మాత్రమే పెట్టలేదు; మనిషిని చదువనేర్పినది. ఆదోని, ఆలూరు, హోస్పేట ప్రాంతాల నుండి వచ్చి బోనులో నిలిచిన వారిలో నిజంగా దుఃఖించేవాడు ఎట్లుంటాడో, దుఃఖాన్ని నటించేవాడు ఎట్లుంటాడో ప్రతిదినం పరికించే వృత్తి అది. కొడుకును పోగొట్టుకొన్న తండ్రి రాగం తీయడు. మాట తడబడుతుంది, ఒక్కొక్కప్పుడు మాటే రాదు. కన్ను ఎటో చూస్తుంది. వ్రేళ్ళు పైపంచె అంచును నలుపుతూ ఉంటవి. జీవితంలో ఇట్లుండగా రంగం మీద మాత్రం దుఃఖం ఆరోహణ అవరోహణలతో ఎందుకు సాగవలెను? రాఘవ నటనకు పునాది వేసిన ప్రశ్న ఇదే.

బళ్ళారిలో షేక్స్‌పియర్ క్లబ్బును నెలకొల్పి ఆయన ఇంగ్లీషు నాటకాలను మూలభాషలోనే ప్రదర్శించినారు. షైలాకు, ఒథెల్లో, హామ్లెట్ పాత్రలు ఆయనకు కీర్తి తెచ్చినవి. ఆ నాటకాలలో రాగానికి తావు లేదు. పంక్తిలోని భావాన్ని స్వరపు హెచ్చుతగ్గులచేత, విరామంచేత, చూపుచేత అందించవలసినదే. అక్కడ సాధించిన పద్ధతిని ఆయన తెలుగు నాటకానికి తెచ్చినారు. బెంగుళూరులోని అమెచ్యూర్ డ్రమటిక్ అసోసియేషన్ ప్రదర్శనలలో పాల్గొని కన్నడ ప్రేక్షకుల మన్ననలను కూడా పొందినారు.

తెలుగులో ఆయన పేరు చెప్పగానే పెద్దలు మొదట తలచుకొన్న పాత్ర పఠాను రుస్తుం. కోలాచలంవారి రామరాజు నాటకంలోని పాత్ర అది. 1565లో జరిగిన తళ్ళికోట యుద్ధం, విజయనగర పతనం అందలి ఇతివృత్తం. ఈ కథ మన ప్రాంతానికి పుస్తకాలలోని చరిత్ర కాదు. విజయనగర రాజులకు బలమైన స్థావరంగా ఉండిన ఆదోని దుర్గం ఆ యుద్ధం జరిగిన కొద్ది సంవత్సరాలకే బిజాపూరు సుల్తానుల వశమైనది. కొండ మీద శిథిలమైన కోటగోడలు, కొండ క్రింద సిద్ది మసూద్‌ఖాను కట్టించిన జామియా మసీదు – రెండింటినీ ఒకే చూపులో చూస్తూ పెరిగినవారు ఆదోనివారు. గెలిచినవారి సంతతీ, ఓడినవారి సంతతీ ఒకే బావినీరు త్రాగుతున్న ఊరిలో అట్టి నాటకాన్ని ఆడడం కత్తి అంచు మీద నడక వంటిది. పఠాను వేషానికి గుబురు మీసం, పెద్ద కేక చాలునని ఎంచే రోజులలో రాఘవ రుస్తుముకు ఒక మనస్సును ఇచ్చినారు. నాయకుడు రామరాజు అయినా, చూచినవారు ఇంటికి మోసుకొని పోయినది రుస్తుమునే.

ఇక ఆయన చేసిన పోరాటం సంగతి. హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, రామదాసు, బృహన్నల – ఇవన్నీ అందరు నటులూ ధరించే పాత్రలే. రాఘవ వాటిని ధరించినప్పుడు పద్యాలను బాగా తగ్గించి, వచనానికి ప్రాధాన్యమిచ్చినారు. పద్యం చెప్పవలసి వచ్చినచోట, అది ఆ పాత్ర నోట ఆ క్షణాన పుట్టిన మాటగా తోచవలెనే తప్ప, సంగీత కచేరిలోని కృతిగా తోచరాదని పట్టుబట్టినారు. కాటిసీను వచ్చినప్పుడు జనం చెవులు రిక్కించి రాగంకోసం కనిపెట్టుకొని ఉంటే, వారికి ఎదురైనది రాగం కాదు. కాపరిగా మారిన ఒక రాజు నిశ్శబ్దం. భార్యను గుర్తించిన క్షణం నుండి ధర్మాన్ని గుర్తుచేసుకొన్న క్షణం వరకు అతని ముఖంలో జరిగే యుద్ధాన్ని ముందు వరుసవారే గాక వెనుక వరుసవారు కూడా చూడగలిగినారట. అట్టి ఘట్టాన్ని మరొకమారు ఆడుమని ఎవరు కోరగలరు?

ఇందులో ఒక వింత ఉన్నది. నాటకంలోనికి పాటను సగౌరవంగా ఆహ్వానించినవారు మేనమామ. ఆ పాటను గడప అవతలికి పంపబోయినవాడు మేనల్లుడు. దీన్ని గురుద్రోహమని కొందరు తలపోయవచ్చును. కాని సూక్ష్మంగా చూస్తే ఇద్దరూ చేసిన పని ఒక్కటే. రంగస్థలం లేని కాలంలో జనాన్ని దానిచెంతకు రప్పించడానికి ధర్మవరంవారికి సంగీతం కావలసినది. జనం వచ్చి కూర్చున్న తరువాత, వారు చూడవలసినదాన్ని ఆ సంగీతమే కప్పివేస్తున్నదని రాఘవ గ్రహించినారు. శుభాంత నియమాన్ని కాదన్న మేనమామ తెగువయే, రాగాన్ని కాదన్న మేనల్లునిలో మరల కనిపించినది. 1912లో ధర్మవరంవారు పరమపదించేనాటికి రాఘవకు ముప్పది రెండేండ్లు. 1919లో కోలాచలంవారు గతించేనాటికి ముప్పది ఎనిమిది. ఆపైన బళ్ళారి రంగస్థల వారసత్వం ఆయన భుజాల మీదనే నిలిచినది.

అయితే పద్యాభిమానుల వాదనను కూడా న్యాయంగా వినవలెను. పలక పట్టని నేతగాడు, ప్రత్తి మిల్లులో మూటలు మోసే హమాలీ భారతకథను, తిక్కన మార్గాన్ని చెవులారా విన్నది నాటకంలోని పద్యంద్వారానే. ఎమ్మిగనూరు మగ్గాల నడుమ నాడె విసిరేవాని నోట ఒక పద్యపాదం ఆడుతున్నదంటే, అది ఏ బడిలోనూ నేర్చినది కాదు. జనులకు సాహిత్యాన్ని పంచిపెట్టిన ఈ ఉపకారాన్ని మరువరాదు. రాఘవ విరోధం పద్యంతో కాదు. పద్యంలోని అర్థాన్ని మ్రింగివేసే ఆలాపనతో. ఈ భేదాన్ని గుర్తింపనివారు ఆయనను పద్యద్వేషి అన్నారు. గుర్తించినవారు ఆయన వెంట నడిచినారు.

ఆయన రెండవ పోరాటం మరింత కఠినమైనది. స్త్రీ పాత్రలను పురుషులు ధరించడం ఆనాటి ఆచారం. అందులో అద్భుత ప్రజ్ఞ చూపినవారు తెలుగునాట ఉండినారు. అయినా సహజత్వమే ప్రాణమని నమ్మిన రాఘవకు ఆ ఆచారం సమ్మతం కాలేదు. స్త్రీ పాత్రను స్త్రీయే ధరించవలెను. అదియు గౌరవ కుటుంబాల నుండి చదువుకొన్న స్త్రీలు ముందుకు రావలెను అన్నది ఆయన సంకల్పం. నాటకమంటేనే ముఖం చిట్లించే సంఘంలో, ఆచారపరమైన కుటుంబంలో పుట్టిన ప్రభుత్వ న్యాయవాది ఈ పనికి పూనుకొనడం సామాన్య సాహసం కాదు. కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని, కాకినాడ అన్నపూర్ణ వంటి నటీమణులు ఆయన ప్రోత్సాహంతో రంగమెక్కినారు. వారిపై పడిన నిందలను, గుసగుసలను ఆయన కూడా పంచుకొన్నారు. నేడు పాఠశాల వార్షికోత్సవంలో బాలిక సావిత్రిగానో, రుద్రమదేవిగానో వేషం కడితే తల్లిదండ్రులు మురిసిపోతారు. ఆ మురిపానికి వెనుక ఆ తొలి స్త్రీలు మోసిన భారం ఉన్నదని చెప్పవలసిన బాధ్యత ఉపాధ్యాయులది.

క్రమంగా ఆయన కీర్తి దేశపు నలుమూలలకు ప్రాకినది. 1919లో బెంగుళూరులో విశ్వకవి రవీంద్రుడు ఆయన నటనను చూచి ప్రశంసించినారు. 1927లో మహాత్మాగాంధీ ఆరోగ్యం కుదుటపరచుకొనడానికి మైసూరు సంస్థానంలో విడిది చేసి ఉన్నప్పుడు రాఘవ బృందం హిందీలో దీనబంధు కబీరు నాటకాన్ని వారి ఎదుట ప్రదర్శించినది. ప్రతి నిమిషానికి లెక్క చూచుకొనే మహాత్ముడు, అనుకొన్నదానికంటె ఎక్కువసేపు కూర్చుండి ఆ నాటకం చూచినారని ప్రతీతి. నేతగాడైన కబీరు కథ అది. నూలు వడకడాన్ని వ్రతంగా చేసుకొన్న మహాత్మునికి, మగ్గపు దేశం నుండి వచ్చిన నటుడు నేతగాని గాథను అర్పించడం ఎంతయు సముచితం.

1928లో రాఘవ ఐరోపా ప్రయాణం చేసినారు. నలుబది ఎనిమిదవ ఏట, పేరుప్రతిష్ఠలు సంపాదించుకొన్న తరువాత, విద్యార్థివలె బయలుదేరి ఇంగ్లండులోని నాటకశాలలను, నటన పద్ధతులను పరిశీలించినారు. బెర్నార్డ్ షా మహాశయుని కలిసి నాటకకళను గూర్చి ముచ్చటించినారు. తాను బళ్ళారిలో ఒంటరిగా తడుముకొంటూ చేరిన మార్గం, ప్రపంచంలో గొప్ప నటులు నడుస్తున్న మార్గమేనని ఆయనకు అక్కడ రూఢి అయినది. తన ఊరిలో తన మాట చెల్లనప్పుడు, దూరదేశంలో దానికి తోడు దొరకడం కళాకారునికి ఎంత ఊరటయో ఊహించవచ్చును.

తిరిగివచ్చిన పిమ్మట ఆయన దృష్టి సాంఘిక నాటకాల మీదికి మరలినది. కిరీటాలు, గదలు లేని నాటకం. మన ఇంటి ముందుగదిలో మనవంటివారే మాట్లాడుకొనే నాటకం. తరువాతి కాలంలో మదరాసు ఉన్నత న్యాయస్థానానికి ప్రధాన న్యాయమూర్తి అయిన పి. వి. రాజమన్నారు రచించిన తప్పెవరిది నాటకాన్ని రాఘవ ప్రదర్శించినారు. వివాహజీవితంలోని చిక్కును నిర్భయంగా చర్చించిన రచన అది. సరిపడని సంగతులు కూడా ఈ కోవలోనిదే. కురుక్షేత్రానికి వేలాదిగా వచ్చే జనం వీటికి రాలేదు. ఆయన వెనుకకు తగ్గలేదు. గుంపు పలుచనైనా పరవాలేదు, చూచినవాడు ఆలోచిస్తూ ఇల్లు చేరితే చాలునన్నది ఆయన నిశ్చయం.

సినిమా ఆయనను పిలిచినది. 1936లో వెలువడిన ద్రౌపదీ మానసంరక్షణంలో దుర్యోధనుడుగా నటించినారు. అదే ఏట, అదే కథతో ద్రౌపదీ వస్త్రాపహరణం అనే మరొక చిత్రం వచ్చి జనాదరణ పొందినది. రాఘవ నటించినది వెనుకబడినది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డలో ఆయన రైతు పాత్ర ధరించినారు. జమీందారీ పీడనను చూపిన ఆ చిత్రం జమీందారుల ఆగ్రహానికి గురి అయి కష్టనష్టాల పాలైనది. 1940లో చండిక వచ్చినది. అంతే, మూడు చిత్రాలు. కోర్టులో కోటు ధరించి వాదించే రావు బహదూరు, తెర మీద తలపాగా చుట్టి దున్నేవాని పక్షాన నిలిచినారు. ప్రత్తికి ధర పలుకనప్పుడు ఆదోని రైతు అనుభవించే దిగులును సాక్షుల బోనులో ఏండ్ల తరబడి చూచిన కన్నులకు, ఆ పాత్ర పరాయిది కాజాలదు.

1946 ఏప్రిల్ 16వ తేదీన రాఘవ బళ్ళారిలో కన్నుమూసినారు. అప్పటికి ఆయనకు అరువది అయిదేండ్లు. స్వాతంత్ర్యానికి పదునారు నెలలు మిగిలి ఉన్నవి. ఆయన పుట్టి పెరిగిన జిల్లా చీలిపోవడానికి ఏడేండ్లు. చీలిక వాదోపవాదాలను ఆయన వినలేదు. విని ఉంటే, తెలుగులో రుస్తుముగాను, హిందీలో కబీరుగాను, ఇంగ్లీషులో ఒథెల్లోగాను నిలిచిన ఆ మనిషి ఏ ప్రక్కన నిలువవలసి వచ్చేదో! బళ్ళారిలో ఆయన పేర రాఘవ కళామందిరం వెలసినది. భారత ప్రభుత్వం 1981లో ఆయన స్మారకంగా తపాలాబిళ్ళను వెలువరించినది. కన్నడిగులు ఆయనను తమవాడంటారు, తెలుగువారు తమవాడంటారు. ఇరువురి మాటా నిజమే. ఆస్తి పంచుకొంటే తరుగుతుంది. ఇట్టి వారసత్వం పంచుకొంటే తరుగదు. కాని మావాడు మావాడని పేరు కొరకు పోటీపడి, ఆయన చెప్పినదాన్ని మరచిపోతే ఇరుప్రక్కలా నష్టమే.

నటుని కీర్తికి ఒక శాపమున్నది. కవి పోతే కావ్యం నిలుస్తుంది. శిల్పి పోతే శిల్పం నిలుస్తుంది. నటుడు పోతే అతనిని చూచిన కన్నులు మూతపడేవరకే అతని కళ బ్రతుకుతుంది. రాఘవ రుస్తుమును చూచిన కన్నులు మూతపడి చాలకాలమైనది. మిగిలినవి మూడు చిత్రాల పేర్లు, కొన్ని ఛాయాచిత్రాలు, పెద్దల జ్ఞాపకాలు. మరి ఆయన గెలిచినట్లా, ఓడినట్లా? జాతర పందిరిలో హార్మోనియం నేటికీ మ్రోగుతున్నది. వన్స్‌మోర్ కేక నేటికీ వినవస్తున్నది. ఆ లెక్కన ఓడినట్లే. కాని రంగం మీద స్త్రీ నిలుచున్నది. సాంఘిక నాటకం నిలుచున్నది. దుఃఖాన్ని పాడక దుఃఖించగల నటుని నేడు తెలుగు ప్రేక్షకుడు గుర్తించి గౌరవిస్తున్నాడు. ఆ లెక్కన ఆయన గెలుపు మన కంటికి కనబడనంతగా మన అలవాటులో కలిసిపోయినది.

ఉపాధ్యాయులు తరగతిలో పద్యం చెప్పించేటప్పుడు ఈ జీవితాన్ని ఒక్కసారి స్మరించవచ్చును. బాలుడు గుక్క తిప్పుకోకుండా పద్యాన్ని అప్పగిస్తే మార్కులు వేస్తాము; తీయగా పాడితే బహుమతి ఇస్తాము. ఈ పద్యం ఎవరు ఎవరితో అంటున్నారు, అనేటప్పుడు వారి మనస్సు ఎట్లున్నదని అడిగి, ఆ మనస్సుతో చదివించిననాడు, ఆ గదిలో రాఘవ నాటకశాల తెరచుకొన్నట్లే. అందుకు తెర అక్కరలేదు, హార్మోనియం అక్కరలేదు, బళ్ళారికి రైలు ఎక్కవలసిన పని అంతకంటె లేదు. ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో చివరి బెంచీ మీద కూర్చున్న పిల్లవానికి హరిశ్చంద్రుని నిశ్శబ్దం వినిపిస్తే చాలును.